మిస్సింగ్ కొడుతున్న బండి గురించి మనవళ్లకు ఉత్తరం

విజయవాడ

ఒరేయ్ పెద్దోడా, అమ్మడూ,

మీరిద్దరూ పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. మీ మాటలకంటే ముందు వెనకాల ఇంజన్ చప్పుడే నా చెవిన పడింది. వరసగా కొడుతూ కొడుతూ నాలుగింట్లో ఒకటి తప్పుతోంది. మీ కారు నాలుగు సిలిండర్లకు బదులు మూడింటి మీద నడుస్తోందన్నమాట. తప్పుల నంబర్లు చదివే స్కానర్ పెడితే పి0203 వచ్చిందట, మూడో సిలిండర్‌కు పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ మార్చాల్సిందేనని మెకానిక్ అన్నాడట. నాన్నను ఇప్పుడే కొనొద్దని చెప్పండి.

పి0203 అంటే మూడో ఇంజెక్టర్ పోయిందని కాదు, మూడో ఇంజెక్టర్ సర్క్యూట్‌లో ఎక్కడో తేడా ఉందని. ఫలానా ఇంట్లో లైటు వెలగట్లేదని కబురొస్తే లైన్‌మన్ కొత్త బల్బు కొనుక్కుని బయల్దేరడు కదా! స్తంభం చూస్తాడు, ఫ్యూజు చూస్తాడు. ఇక్కడా ఫ్యూజు ఉంది, కరెంటుతో పనిచేసే స్విచ్ లాంటి రిలే ఉంది, రెండు వైర్లున్నాయి, వైర్లను తగిలించే ప్లాస్టిక్ కప్లర్లున్నాయి, చివర ఈసీఎం, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ ఉంది. మూడోదాని వైరుకో, కప్లర్‌కో, ఈసీఎంకో జబ్బు చేసినా స్కానర్ అదే నంబరు చూపిస్తుంది.

అమ్మడూ, పదో తరగతి ఫిజిక్స్‌లో సోలినాయిడ్ చదివావు కదా, ఇంజెక్టర్ అదే. లోపల సన్న రాగి తీగ చుట్టిన కాయిల్. కరెంటు వస్తే అయస్కాంతమై సూదిని పైకి లాగుతుంది, పెట్రోలు తుంపరగా పడుతుంది. కరెంటు ఆగితే స్ప్రింగు మూసేస్తుంది. ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే ఒక్కో ఇంజెక్టర్ నిమిషానికి 400 సార్లు తెరుచుకుంటుంది. తెరిచి ఉండేది ప్రతిసారీ 3 మిల్లీసెకన్లు, అటూ ఇటూగా.

ఇందులో ఒక తిరకాసు ఉంది. ఇంట్లో స్విచ్ ఫేజ్ వైపు ఉంటుంది. బండిలో స్విచ్ ఎర్త్ వైపు, అంటే బ్యాటరీ మైనస్ వైపు. ప్లస్ కరెంటు రిలే గుండా నాలుగు ఇంజెక్టర్ల దగ్గరికీ వచ్చి కాచుకుని ఉంటుంది. ఈసీఎం ఒక్కోదాని ఎర్త్‌ను వంతులవారీగా కలిపి తీస్తూ ఉంటుంది. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే సగం పని అయినట్టే. ప్లస్ నాలుగింటికీ ఉమ్మడి, ఎర్త్ ఎవరిది వారిది. నాలుగూ ఒకేసారి చచ్చిపోయి బండి అసలు స్టార్ట్ కాకపోతే ఫ్యూజు, మెయిన్ రిలే వైపు చూడాలి. మీది ఒక్కటే మొరాయిస్తోంది కాబట్టి ఆ రెండింటి జోలికి వెళ్లక్కర్లేదు.

ఇక నేను చేసిన ఘనకార్యం ఒకటి చెబుతాను, మీ నాన్నకు కూడా తెలీదు. కార్బ్యురేటర్లు పోయి ఎంపీఎఫ్ఐ బళ్లు, అంటే సిలిండర్‌కో ఇంజెక్టర్ ఉన్న బళ్లు, నా షెడ్డుకు రావడం మొదలైన రోజులు, 2000 దాటాక. గుడివాడ నుంచి ఒక టాక్సీ ఆయన వచ్చాడు. ఇదే పి0203. గతుకుల్లో మిస్సింగ్, ఆగితే బాగానే ఉంటుంది. మల్టీమీటర్ పెట్టి కాయిల్ చూశాను, 13 ఓమ్‌లు, బాగుంది. వైరు అటు చివరా ఇటు చివరా మీటర్ పుల్లలు ఆనిస్తే పీక్ మంది. వైరు బాగుంది కదా, ఇక మిగిలింది ఇంజెక్టరే అనుకుని కొత్తది వేయించేశాను. కాయిల్ బాగుందని మీటర్ చెబితే కూడా! ఆయన డబ్బు కట్టి వెళ్లాడు. రెండో రోజు మళ్లీ గుమ్మంలో ఉన్నాడు. ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ.

అప్పుడు బ్యాటరీ నెగటివ్ పీకి, ఈసీఎం దగ్గర కప్లర్, ఇంజెక్టర్ దగ్గర కప్లర్ రెండూ తీసి ఆ ఒక్క వైరును ఒంటరిని చేశాను. ఇండికేటర్‌లో వేసే 21 వాట్ల బల్బును ఆ వైరుతో వరసలో పెట్టి, విడిగా ఒక బ్యాటరీ తగిలించాను. మామూలుగా అయితే కళ్లు జిగేల్‌మనేలా వెలగాలి. నిప్పురవ్వలా ఎర్రగా ఉంది, అంతే. వైరు పట్టుకుని ఊపుతూ వెళ్తే ఇంజన్ పక్క క్లిప్పు దగ్గర ఆ రవ్వ కూడా ఆరిపోయింది. తొడుగు కోసి చూస్తే లోపల రాగి లేదు. పచ్చటి పొడి, దాని మధ్యలో రెండు మూడు పోగులు మిగిలాయి. పైన తొడుగు మాత్రం కొత్తదానిలా నిగనిగలాడుతోంది.

మరి మీటర్ పీక్ మని ఎందుకంది? చాలా మీటర్లు 30, 50 ఓమ్‌ల దాకా కూడా పీక్ మంటాయి. ఆ పుచ్చిన వైరులో 10 ఓమ్‌లు ఉన్నాయనుకోండి, మీటర్‌కు అదేమీ పట్టదు. ఇంజెక్టర్‌కు మాత్రం ప్రాణాంతకం. 13 కి 10 కలిపితే 23. ఇంజన్ నడిచేటప్పుడు 13.8 వోల్టులు ఉంటే పారేది 0.6 ఆంపియర్లు. ఇంజెక్టర్ వంతుకు ఎనిమిది వోల్టులు కూడా రావు. సూది బద్ధకంగా లేస్తుంది, లేచేలోపే ఆ 3 మిల్లీసెకన్లలో చాలా భాగం అయిపోతుంది. ఖాళీ చేదకు తెగని తాడు నీళ్లతో నిండిన చేదకు తెగుతుంది. నేను ఖాళీ చేద వేసి చూసి తాడు గట్టిదే అనేశాను.

పెద్దోడా, నువ్వు డిప్లొమాలో ఓమ్స్ లా లెక్కలు వంద చేసి ఉంటావు. ఈసారి బానెట్ కింద చెయ్యి.

ముందు చెవితో చూడండి. పొడవాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజెక్టర్ మీద ఆనించి పిడికి చెవి పెడితే టిక్ టిక్ మని వినిపిస్తుంది. అమ్మడూ, జడ వెనక్కి ముడేసుకో, ఫ్యాను బెల్టుకు దూరంగా నిలబడు. మూడోది మిగతావాటిలా కొడుతోందా, మందంగా కొడుతోందా, అసలు లేదా? రాసుకోండి.

తర్వాత ఇంజన్ ఆపి, మూడో కప్లర్ లాకు నొక్కి తీయండి. వైరు పట్టి లాగితే నాకు ఫోన్ చేయొద్దు. కప్లర్‌లో రెండు పిన్నులకు ఎల్ఈడీ టెస్ట్ ల్యాంప్ తగిలించి నాన్నను స్టార్ట్ చేయమనండి. పాత బల్బు టెస్టర్ వద్దు, పెద్ద బల్బు ఎక్కువ కరెంటు లాగితే ఈసీఎం లోపల ఎర్త్ కలిపే స్విచ్, డ్రైవర్ అంటారు దాన్ని, పోతుంది, దాని ముందు ఇంజెక్టర్ ఖరీదు ఎంత! వెలగకపోతే పిన్నులు తిరగేసి చూడండి, ఎల్ఈడీకి ప్లస్ మైనస్ పట్టింపు. టకటకా మిణుకుమంటే కరెంటు వస్తోందన్నమాట, కానీ ఎల్ఈడీ కూడా ఖాళీ చేదే, దాన్ని చూసి వైరుకు సర్టిఫికెట్ ఇవ్వొద్దు. అసలు వెలగకపోతే వైరు తెగిందో, ఈసీఎం ఎర్త్ ఇవ్వట్లేదో. ఆరకుండా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపేయండి. ఎర్త్ వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది, లేదా డ్రైవర్ షార్ట్ అయింది. అలాంటప్పుడు ఇంజెక్టర్ మూతపడకుండా పెట్రోలు కారుస్తూనే ఉంటుంది. ఇంజన్ ఆయిల్ కొలిచే పుల్ల తీసి వాసన చూడండి, పెట్రోలు వాసనొస్తే మళ్లీ స్టార్ట్ చేయకండి.

ఇంజెక్టర్ రెండు పిన్నుల మధ్య ఓమ్‌లు కొలవండి. మీలాంటి బళ్లలో 12 నుంచి 16 మధ్య ఉంటుంది. ఒక్కదాన్ని కాదు, నాలుగూ కొలవండి. అన్నీ 13 ఉండి మూడోది 7 ఉంటే కాయిల్ లోపల చుట్లు కలిసిపోయాయి. ఇంజన్ బాగా వేడెక్కి ఉన్నప్పుడు కూడా కొలవాలి. 30 డిగ్రీల దగ్గర 13 ఉన్న రాగి కాయిల్ 90 డిగ్రీల దగ్గర 16 చూపిస్తే కంగారు పడకండి, రాగి గుణమే అది. వేడెక్కాక పెరగకుండా తగ్గిందా, దొంగ దొరికినట్టే.

కప్లర్‌లో పచ్చటి తుప్పుందేమో టార్చి వేసి చూడండి. మీ వీధిలో ఎలుకల బాధ ఎక్కువన్నారు కదా, బండి వారం కదలకపోతే అవి వైరింగ్ మీదే కాపురం పెడతాయి. బ్యాటరీ కింద, ఎయిర్ ఫిల్టర్ డబ్బా వెనక పెంటికలు కనిపిస్తే అక్కణ్నుంచే మొదలుపెట్టండి.

పెట్రోలు పైపు గాని, ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం (రైలు) గాని విప్పొద్దు. అందులో 3 బార్ల దాకా ప్రెషర్ ఉంటుంది, వేడి ఇంజన్ మీద చిందితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. బాబాయి డీజిల్ బండి మీద ఈ ప్రయోగాలేవీ చేయకండి, వాటి ఇంజెక్టర్లకు వెళ్లే వోల్టేజీ బ్యాటరీకి ఎన్నో రెట్లు.

వైరుకు 21 వాట్ల బల్బు పెట్టే పని మాత్రం మీరిద్దరే చేయొద్దు. సంక్రాంతికి వస్తారుగా, బండి తీసుకురండి, బల్బు నేను దాచే ఉంచాను. ఈలోగా నాలుగు ఇంజెక్టర్ల ఓమ్‌లు, చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి, ఎనిమిది అంకెలు కాగితం మీద రాసి ఫొటో పంపండి. అంకె పక్కన సిలిండర్ నంబరు వేయడం మర్చిపోకు పెద్దోడా, పోయినసారి బ్యాటరీ లెక్కలు పంపినప్పుడు మర్చిపోయావు.

మీ తాతయ్య