మీ డిస్క్ పాడవలేదు: పాత బ్రిటిష్ డ్రామాలపై అపోహలు - వాస్తవాలు

లండన్ శివార్లలో పాత టేపులు, ఫిల్ములు డిజిటల్‌లోకి మార్చడం నా పని. వారానికి ఒక్కరైనా అడుగుతారు: "దీన్ని 4కే చేసిస్తారా?"

అపోహ: పాత డ్రామా ఏదైనా 4కే (ఇప్పటి టీవీల్లో కనిపించే చాలా స్పష్టమైన బొమ్మ) అవుతుంది.

వాస్తవం: దేని మీద తీశారో ముందు చూడాలి. గ్రెనడా అనే టీవీ సంస్థ వాళ్ళ ‘బ్రైడ్స్‌హెడ్ రీవిజిటెడ్’ (1981), ‘ద జ్యువెల్ ఇన్ ద క్రౌన్’ (1984) 16 ఎంఎం ఫిల్మ్ మీద తీసినవి. అలాంటివి నెగెటివ్ నుంచి మళ్ళీ స్కాన్ చేస్తే అప్పటి టీవీలో కనపడని వివరం కూడా బయటికొస్తుంది. 1976 నాటి ‘ఐ, క్లాడియస్’ బీబీసీ స్టూడియోలో వీడియోటేప్ మీద తీసింది. పాల్ (అప్పటి బ్రిటిష్ కలర్ టీవీ పద్ధతి) సిగ్నల్‌లో అడ్డగీతలు 625, అందులో బొమ్మకు దక్కేవి 576. 4కేకి 2160 కావాలి. మిగతావి ఎక్కణ్ణుంచి తెస్తాం? సాఫ్ట్‌వేర్ ఊహించి పూడుస్తుంది. ఇంట్లో రికార్డు చేసిన వీహెచ్ఎస్ క్యాసెట్ అయితే మరీ కష్టం, దాంట్లో అంత వివరం కూడా ఉండదు.

డెబ్బయ్యుల్లో గుంటూరు నుంచి ఇక్కడికొచ్చిన డాక్టరుగారు ఒకాయన ఓ పెన్‌డ్రైవ్ తెచ్చారు. ‘జ్యువెల్’ ప్రసారమైనప్పుడు వాళ్ళావిడ వారం వారం కూర్చుని రికార్డు చేశారట. ఆవిడ ఇప్పుడు లేరు. ఎక్కడో డబ్బు తీసుకుని ఆ టేపుల్ని 4కే చేసి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. మొహాలన్నీ మైనపు బొమ్మల్లా తేలాయి. మధ్యలో వచ్చే ప్రకటనలు "వేస్ట్" అని కోసేశారు. డిజిటల్ అయిపోయిందిగా, టేపులెందుకన్నారట, ఈయన పారేశారు. డ్రామా డిస్క్ కొనుక్కోవచ్చు. ఆనాటి ప్రకటనలు, అట్ట మీద ఆవిడ చేతిరాత ఎక్కడ కొంటాం? "పొరపాటు చేశానా బాబూ?" అంటే ఏం చెప్పను! ఎవరేం చెప్పినా సరే, మార్పించాక కూడా అసలు టేపు దాచుకోండి.

అపోహ: గదిలో సీన్లు నున్నగా ఉండి, వీధిలోకి రాగానే గరుకుగా మారితే డిస్క్ లోపం.

వాస్తవం: స్టూడియోలో ఎలక్ట్రానిక్ కెమెరాలు సెకనుకు 50 ఫీల్డులు (గీతల్లో సగం సగంగా వచ్చే బొమ్మలు). బయట 16 ఎంఎం ఫిల్మ్, సెకనుకు 25 ఫ్రేములు. బీబీసీ కామెడీ ‘ఫాల్టీ టవర్స్’ చూడండి, తలుపు దాటితే బొమ్మ మారుతుంది. దీని మీద మాంటీ పైథాన్ అనే హాస్య బృందం వాళ్ళు 1970లోనే జోకు వేశారు: బయటికొచ్చినవాళ్ళు తాము ఫిల్మ్‌లో ఉన్నామని కంగారుపడి మళ్ళీ లోపలికి పరిగెడతారు. టెన్షన్ పడి డిస్క్ వెనక్కి పంపకండి.

అపోహ: నిడివి తగ్గిందంటే సీన్లు కోసేశారు.

వాస్తవం: 24 ఫ్రేముల సినిమాను పాల్ డీవీడీలో 25 వేగంతో నడుపుతారు. 191 నిమిషాల ‘గాంధీ’ 183 నిమిషాలకే అయిపోతుంది. కత్తెర పడక్కర్లేదు.

పక్కన నల్ల పట్టీలా? అప్పటి టీవీ బొమ్మే 4:3 (వెడల్పు 4 అయితే ఎత్తు 3). సాగదీసి మొహాలు గుమ్మడికాయలు చెయ్యకండి.

చివరిది, "బీబీసీ దగ్గర అన్నీ భద్రంగా ఉంటాయి" అనే నమ్మకం. అప్పట్లో టేపు ఖరీదైన సరుకు. చెరిపి మళ్ళీ వాడేవాళ్ళు. బాబ్ డిలన్ నటించిన 1963 నాటి ‘మ్యాడ్‌హౌస్ ఆన్ క్యాజిల్ స్ట్రీట్’ని 1968లో చెరిపేశారు. అరవైల బీబీసీ సీరియల్ ‘డాక్టర్ హూ’ భాగాలు 90కి పైగా బొమ్మ లేకుండా పోయినా వాటి మాటలు మాత్రం దొరుకుతున్నాయి. టీవీ ముందు మైకు పెట్టి ఇంట్లో రికార్డు చేసుకున్న పిల్లల పుణ్యమది.