మల్కనగిరిలో బెంగాల్, చంద్రగిరిలో టిబెట్: నెహ్రూ ఒప్పందాల వెనుక కథ

ఒడిశాలోని మల్కనగిరి జిల్లాలో, మోటు దగ్గర శబరి, సీలేరు కలిసేచోటు దాటి కలిమెల వైపు వెళ్తుంటే తెలుగు, కోయ, ఒడియా మాటల మధ్యన బెంగాలీ కూడా చెవిన పడుతుంది. రోడ్డు పక్క బోర్డుల మీద చాలా ఊళ్లకు నంబర్లే ఉంటాయి. ఎంవీ అంటే మల్కనగిరి విలేజ్, పక్కన ఒక అంకె. అలాంటివి 200 పైచిలుకు. ఇటు పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాలోనే, మోహన దాటి సవర ఊళ్ల మధ్య నుంచి చంద్రగిరి చేరితే టిబెటన్ల ప్రార్థనా జెండాలు, మొక్కజొన్న చేలు, జిరంగ్‌లో పెద్ద బౌద్ధ విహారం.

పనుల మీద సరిహద్దు దాటి వచ్చే తెలుగువాళ్లకు ఈ రెండూ వింతగానే తోస్తాయి. "వీళ్లు ఇక్కడికెలా వచ్చారు?" అంటే విభజన వల్ల, చైనా వల్ల అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అబద్ధం కాదుగానీ అది సగం జవాబే. మిగతా సగం జవహర్‌లాల్ నెహ్రూ 1950లో ఢిల్లీలో పాకిస్తాన్‌తోనూ, 1954లో ఆయన ప్రభుత్వం పెకింగ్ (ఇప్పటి బీజింగ్)లో చైనాతోనూ చేసుకున్న రెండు ఒప్పందాల్లో ఉంది.

అదే కాలంలో ప్రపంచం దృష్టిలో నెహ్రూ పెద్ద రాయబారి. కొరియా యుద్ధంలో సంధి ఆగిపోయింది బందీల దగ్గర. సొంత దేశానికి పోనన్నవాళ్లను బలవంతంగా పంపాలా వద్దా అన్నదే పేచీ. 1952 చివర్లో ఐక్యరాజ్యసమితిలో భారత్ తరఫున వి.కె. కృష్ణ మీనన్ ఒక మధ్యేమార్గం పెట్టాడు: బందీలను తటస్థ దేశాల సంఘానికి అప్పగించాలి, ఎటు పోవాలో వాళ్లే తేల్చుకోవాలి. సోవియట్ యూనియన్, చైనా అప్పుడు కాదన్నాయి. 1953 మార్చిలో స్టాలిన్ పోయాక గాలి మారింది. జులై 27న కుదిరిన యుద్ధ విరమణలో బందీల ఏర్పాటు చాలావరకు ఆ నమూనాలోనే ఉంది. కాబట్టి కొరియాలో శాంతి తెచ్చింది నెహ్రూనే అనడం అతి. ఆ తలుపుకు తాళంచెవి చేసిపెట్టింది మాత్రం మనవాళ్లే.

తటస్థ దేశాల సంఘానికి జనరల్ తిమ్మయ్య అధ్యక్షుడు. పోమన్న బందీలు 22 వేలకు పైగా. వాళ్లను కాపలా కాయడానికి భారత్ సుమారు 6,000 మంది సైనికులను పంపింది. దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ తన నేల మీద భారత సైనికుడు కాలు పెట్టడానికి వీల్లేదన్నాడు. దాంతో ఓడల నుంచి వాళ్లను హెలికాప్టర్లలో నిస్సైనిక ప్రాంతానికి చేరవేయాల్సి వచ్చింది. ఎటూ పోమన్న 88 మంది బందీలు చివరికి ఆ సైన్యంతో పాటే భారత్ వచ్చారు. 1954లో ఇండోచైనా మీద జెనీవాలో సమావేశం జరిగితే భారత్‌కు అందులో కుర్చీ లేదు. అయినా మీనన్ తెర వెనుక అందరితో మాట్లాడుతూ తిరిగాడు. జులైలో ఒప్పందం కుదిరాక వియత్నాం, లావోస్, కంబోడియాల పర్యవేక్షణ సంఘాలకు అధ్యక్ష స్థానం భారత్‌కే ఇచ్చారు.

ఊరందరి తగవులూ తీర్చే పెద్దమనిషికి సొంత గట్టు తగవు తెగనట్టయింది నెహ్రూ పని.

1950 మొదట్లో పాకిస్తాన్‌లో ఉన్న తూర్పు బెంగాల్ (ఇప్పటి బంగ్లాదేశ్)లో ఖుల్నా, ఢాకా, బారిసాల్ మండిపోయాయి. ఇటు కలకత్తా, హౌరాల్లో ముస్లింల మీద దాడులు జరిగాయి. రెండు వైపుల నుంచీ లక్షల మంది కట్టుబట్టలతో సరిహద్దు దాటారు. పాకిస్తాన్ మీద యుద్ధానికి వెళ్లాలన్న మాట ఢిల్లీలో బాహాటంగానే వినపడింది. ఆ వేడిలో పాకిస్తాన్ ప్రధాని లియాకత్ అలీ ఖాన్ ఢిల్లీ వచ్చాడు. ఏప్రిల్ 8న ఇద్దరూ సంతకాలు చేశారు.

కాగితం మీద అది మంచి ఒప్పందం. వెళ్లేవాళ్లకు దారిలో రక్షణ, చరాస్తులు వెంట తీసుకెళ్లే హక్కు. 1950 డిసెంబరు 31లోపు తిరిగొస్తే ఇల్లూ పొలమూ వాపసు. బలవంతపు మతమార్పిడి చెల్లదు. ఎత్తుకుపోయిన ఆడవాళ్లను వెనక్కి తేవాలి. తూర్పు బెంగాల్, పశ్చిమ బెంగాల్, అస్సాంలలో మైనారిటీ కమిషన్లు. దీన్ని ఒప్పుకోలేక శ్యామాప్రసాద్ ముఖర్జీ, కె.సి. నియోగి కేంద్ర మంత్రి పదవులు వదిలేశారు. పటేల్‌కూ మొదట అనుమానాలే. సంతకమయ్యాక మాత్రం కలకత్తా వెళ్లి ఒప్పందానికి మద్దతుగా మాట్లాడాడు.

ఆ ఒప్పందం యుద్ధాన్ని ఆపిందన్నది నా అభిప్రాయం కూడా. వలసను మాత్రం ఆపలేదు. కమిషన్లకు చూసి రాసే పనే తప్ప శిక్షించే చేయి లేదు. అదే ఏడాది అక్టోబరులో పాకిస్తాన్ న్యాయశాఖ మంత్రి, నామశూద్రులనే బెంగాలీ దళిత కులం నాయకుడు జోగేంద్రనాథ్ మండల్ రాజీనామా చేసి భారత్ వచ్చేశాడు. ముస్లిం లీగ్‌ను నమ్మి అక్కడే ఉండమని తన వాళ్లకు చెప్పిన మనిషి ఆయన. ఆయనే నిలవలేకపోయాడంటే సామాన్యుడి సంగతి చెప్పేదేముంది?

మన సరిహద్దు కథకు అసలు మలుపు ఇంకోచోట ఉంది. ఆ ఒప్పందానికి పునాది, వచ్చినవాళ్లు తిరిగి వెళ్తారన్న నమ్మకం. పంజాబ్ శరణార్థులకు శాశ్వత పునరావాసం కల్పించిన ప్రభుత్వం, బెంగాల్ వైపు వచ్చినవాళ్లను చాలాకాలం నాలుగు రోజుల చుట్టాల్లాగే చూసింది. వాళ్లు వెళ్లలేదు, కొత్తవాళ్లు వస్తూనే ఉన్నారు. శిబిరాలు నిండి, పశ్చిమ బెంగాల్ ఇక చోటు లేదన్నాక, 1958లో దండకారణ్య అభివృద్ధి సంస్థ పుట్టింది. కోరాపుట్ కేంద్రంగా అప్పటి కోరాపుట్ (మల్కనగిరి అందులోదే), బస్తర్ జిల్లాల్లో అడవి కొట్టించి ఊళ్లు వేశారు. 1964లో ఖుల్నా, ఢాకాల్లో మళ్లీ అల్లర్లు రేగాక వచ్చినవాళ్లను రాయ్‌పూర్ దగ్గరి మానా శిబిరం మీదుగా ఇటు పంపారు.

వచ్చినవాళ్లలో నామశూద్రులే ఎక్కువ. నదుల మధ్య వరి పండించినవాళ్లకు వాన మీద బతికే మెట్ట చేతికొచ్చింది. ఖాళీ నేల అని ఢిల్లీ అనుకున్నది కోయల పోడు, మేత, అడవి. ఆ భూమి రగడ నేటికీ అప్పుడప్పుడు రాజుకుంటూనే ఉంది. 1978లో వేలాది కుటుంబాలు సామాన్లు సర్దుకుని సుందరవనాల్లోని మరిచ్‌ఝాపి దీవికి వెళ్లిపోయాయి. మరుసటి ఏడాది పోలీసులు ఖాళీ చేయిస్తే చాలామంది మళ్లీ ఇక్కడికే చేరారు. బలిమెల జలాశయం నీళ్లు పొట్టేరు కాలువల్లోకి వచ్చాకే ఆ చేలు పచ్చబడ్డాయి.

టిబెట్ కథ ఇంత మెలికలది కాదు. 1954 ఏప్రిల్ 29న పెకింగ్‌లో చేసుకున్నది టిబెట్‌తో వర్తకం, యాత్రల ఒప్పందం. దాని పీఠికలోనే పంచశీల, అంటే ఇరుగుపొరుగు శాంతిగా ఉండడానికి ఐదు సూత్రాలు. టిబెట్ చైనాలో భాగమని భారత్ అందులో ఒప్పుకుంది. టిబెట్‌లోని యాతుంగ్, గ్యాంట్సేల నుంచి సైనికులను ఉపసంహరించింది, తపాలా, తంతి ఏర్పాట్లు అప్పగించేసింది. సరిహద్దు గీత ఎక్కడన్నది మాత్రం అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. ఇక పేచీ లేదని నెహ్రూ అనుకున్నాడు. ఇచ్చినదానికి తగ్గది రాబట్టుకోకుండా లేచి వచ్చిన బేరం అది. 1959 మార్చిలో దలైలామా సరిహద్దు దాటి వచ్చాడు. ఎనిమిదేళ్ల గడువున్న ఒప్పందం 1962 జూన్‌లో తీరిపోయింది, అక్టోబరులో యుద్ధం. శరణార్థులకు భూమి ఇమ్మని నెహ్రూ రాష్ట్రాలను అడిగితే అందరికంటే ఎక్కువ ఇచ్చింది మైసూరు. ఒడిశా చంద్రగిరి కొండలిచ్చింది. 1963లో అక్కడ మొదటి గుడిసెలు లేచాయి.

ఈ రెండు జనాలకూ చట్టం దగ్గర మాత్రం ఒకే చూపు లేదు. ప్రభుత్వమే తెచ్చి భూమిచ్చిన బెంగాలీ కుటుంబాలు ఓటర్లయ్యాయి. బంగ్లాదేశ్ యుద్ధం మొదలైన 1971 మార్చి తర్వాత వచ్చారన్న అనుమానం ఉన్నవాళ్లకే కాగితాల తంటా. చంద్రగిరిలో చాలామంది ఇప్పటికీ విదేశీయుల రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌ను గడువు తీరినప్పుడల్లా రెన్యూవల్ చేయించుకుంటారు. 1950 జనవరి 26 నుంచి 1987 జులై 1 లోపు ఇక్కడ పుట్టినవాళ్లు చట్టం ప్రకారం పౌరులే. అయినా శరణార్థి గుర్తింపు వదులుకోవడం ఇష్టం లేక దరఖాస్తు పెట్టనివాళ్లు వాళ్లలో తక్కువేం కాదు.