పాత డ్రైవ్ తీసేస్తే సిస్టమ్ ఎందుకు లేవదు? కొత్త డ్రైవ్‌లో ఓఎస్ ఎక్కించడంపై అపోహలు - వాస్తవాలు

మొన్న ఒకాయన సీపీయూ తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. ఆన్ చేస్తే నల్ల స్క్రీన్, దాని మీద తెల్ల అక్షరాల్లో "రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్" అని ఒక్క లైను. "నిన్నటిదాకా బ్రహ్మాండంగా నడిచిందండీ, కొత్త ఎస్ఎస్‌డీలో విండోస్ వేసి నెల దాటింది, ఇంక పాత హార్డ్‌డిస్క్‌తో పనేముందని తీసేశా, అంతే" అన్నారు. చూస్తే ఎస్ఎస్‌డీ బాగానే ఉంది, అందులో విండోస్ చెక్కుచెదరలేదు, ఫైళ్ళన్నీ ఉన్నాయి. లేనివల్లా ఆ విండోస్‌ని లేపే ఫైళ్ళే. అవి ఆయన తీసి ఇంట్లో పెట్టిన పాత హార్డ్‌డిస్క్‌లో ఉండిపోయాయి.

సర్వీస్ పనిలో ఈ కేసు నా దగ్గరికి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. అందుకే ముందు దీంతోనే మొదలుపెడుతున్నా.

అపోహ: సెటప్‌లో కొత్త డ్రైవ్‌ని సెలెక్ట్ చేస్తే ఓఎస్ మొత్తం అందులోకే వెళ్తుంది.

వాస్తవం: విండోస్ ఫోల్డర్ వెళ్తుంది. బూట్ ఫైళ్ళు వెళ్తాయన్న గ్యారంటీ లేదు. యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన, మదర్‌బోర్డ్‌లోనే ఉండే ప్రోగ్రామ్) ఉన్న సిస్టమ్‌లో ఆన్ బటన్ నొక్కగానే మదర్‌బోర్డ్ నేరుగా సి డ్రైవ్‌లోకి వెళ్ళదు, ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అనే చిన్న భాగంలో ఉన్న బూట్ మేనేజర్‌ని లేపుతుంది, అది విండోస్‌ని లేపుతుంది. ఫ్యాట్32లో ఫార్మాట్ అయి, మామూలుగా ఒక 100 ఎంబీ సైజులో ఉండే ఈ పార్టిషన్‌కి డ్రైవ్ లెటర్ ఉండదు కాబట్టి మై కంప్యూటర్ తెరిచినా మీకు కనబడదు. ఇన్‌స్టాల్ చేసే టైములో పాత డ్రైవ్ కూడా తగిలించి ఉంటే, సెటప్‌కి అందులో అప్పటికే ఒక ఈఎఫ్ఐ పార్టిషన్ దొరుకుతుంది, చాలాసార్లు కొత్తది చేయకుండా దాన్నే వాడేసుకుంటుంది. రెండు డ్రైవులూ తగిలించి ఉన్నన్నాళ్ళూ తేడా తెలియదు. ఆరు నెలల తర్వాత పాతది పోయిన రోజో, మీరే తీసేసిన రోజో బయటపడుతుంది.

దీనికి మందు ఒక్కటే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఓఎస్ వేయబోయే డ్రైవ్ తప్ప ఇంకేదీ తగిలించి ఉండకూడదు. సిస్టమ్ ఆఫ్ చేసి, పవర్ కార్డ్ తీసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. తర్వాత పాత డ్రైవ్ సాటా కేబుల్ పీకేయండి. మదర్‌బోర్డ్ మీదే బిగించే చిన్న ఎం.2 డ్రైవ్ అయితే ఒక్క స్క్రూ. ల్యాప్‌టాప్ విప్పడం కుదరకపోతే, బయోస్‌లో (మదర్‌బోర్డ్ సెట్టింగుల స్క్రీన్‌ని ఇప్పటికీ అలాగే అంటారు) ఆ పోర్ట్‌ని డిజేబుల్ చేసే ఆప్షన్ ఉందేమో చూడండి, అన్నిట్లో ఉండదు. ఐదు నిమిషాల పని. చాదస్తం అనుకునేవాళ్ళున్నారు, నేను మాత్రం ఇది చేయకుండా ఒక్క సిస్టమ్‌లో కూడా ఓఎస్ వేయను.

ఇప్పటికే వేసేసి ఉంటే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. సి డ్రైవ్ ఉన్న వరుసలోనే "ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్" అని కనబడితే చాలావరకు మీరు సేఫ్. అది వేరే డిస్క్ వరుసలో ఉంటే పాతది ముట్టుకోకండి. ఫార్మాట్ కొట్టాల్సిన పనీ లేదు, టెన్షన్ పడాల్సిన పనీ లేదు. కొత్త డ్రైవ్‌లో సి ని కొంచెం కుదించి, ఆ ఖాళీలో 300 ఎంబీతో ఒక ఈఎఫ్ఐ పార్టిషన్ చేసి, బీసీడీబూట్ అనే కమాండ్‌తో బూట్ ఫైళ్ళు అందులో రాయించి, బయోస్‌లో కొత్త డ్రైవ్‌ని మొదటి స్థానంలో పెడితే సరిపోతుంది. నేను చెప్పిన ఆయన సిస్టమ్ కూడా అలాగే లేచింది, ఒక్క ఫైలూ పోలేదు. కొత్త డ్రైవ్‌లో పార్టిషన్ల పట్టిక జీపీటీ అనే కొత్త పద్ధతిలో ఉంటేనే ఇది ఇంత సులువు.

అపోహ: సెటప్ చూపించే లిస్టులో డ్రైవ్ 0 అంటే పాతది, డ్రైవ్ 1 అంటే కొత్తది.

వాస్తవం: ఆ నంబర్లకీ పాత కొత్తలకీ సంబంధం లేదు. ఏ పోర్ట్‌కి తగిలించారు, మదర్‌బోర్డ్ దేన్ని ముందు గుర్తించింది అన్నదాన్ని బట్టి అవి మారిపోతాయి. ఒక సిస్టమ్‌లో నాకు రెండు వరుసలూ ఒకేలా కనబడ్డాయి, అక్కడా 476.9 జీబీ, ఇక్కడా 476.9 జీబీ, రెండూ 512 జీబీ ఎస్ఎస్‌డీలే. ఒకదాంట్లో వాళ్ళ పాప పుట్టినప్పటి నుంచీ తీసిన ఫోటోలు. అప్పటికే డిలీట్ బటన్ మీదకి వెళ్ళిన మౌస్‌ని వెనక్కి తీసుకుని, షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే వచ్చే కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్క్‌పార్ట్ అనే టూల్ తెరిచి, ఒక్కో డిస్క్ మోడల్ పేరు చదివి, డబ్బా మీద ఉన్న పేరుతో పోల్చుకున్నాకే ముందుకెళ్ళా. ఇంకో డ్రైవ్ పీకేసి ఉంటే ఈ గొడవే లేదు, లిస్టులో ఒక్కటే ఉంటుంది, పొరపాటు పడదామన్నా కుదరదు.

"పొరపాటున ఫార్మాట్ అయితే రికవరీ సాఫ్ట్‌వేర్ ఉంది కదా" అంటారు. హార్డ్‌డిస్క్‌లో అయితే కొంత ఆశ ఉంటుంది. ఎస్ఎస్‌డీలో ఫార్మాట్ కొట్టగానే ట్రిమ్ అనే ఆదేశం వెళ్తుంది, ఈ బ్లాకులు ఇంక అక్కర్లేదు అని డ్రైవ్‌కి చెబుతుంది, డ్రైవ్ వాటిని తన పద్ధతిలో తుడిచేస్తుంది. ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాదాపుగా ఏమీ చేయలేదు. అందుకని వేరే డ్రైవ్‌లోనే వేస్తున్నా సరే, పాతదాంట్లో ముఖ్యమైనవి బయట ఇంకోచోట కాపీ ఉన్నాయా అని అడగకుండా నేను స్క్రూడ్రైవర్ పట్టుకోను.

(512 అని కొంటే 476 చూపిస్తోంది, కంపెనీ మోసం చేసింది అని అడుగుతుంటారు. మోసం కాదు. కంపెనీ 1000తో లెక్కేస్తుంది, విండోస్ 1024తో లెక్కేస్తుంది.)

అపోహ: సెటప్‌లో కొత్త డ్రైవ్ కనబడలేదంటే అది పాడైపోయినట్టే.

వాస్తవం: ముందు బయోస్‌లోకి వెళ్ళి చూడండి. అక్కడ పేరు కనబడుతూ సెటప్‌లో కనబడకపోతే, డ్రైవ్ కాదు, డ్రైవర్ సమస్య. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లున్న చాలా ల్యాప్‌టాప్‌లలో స్టోరేజ్ డ్రైవులని చూసుకునే వీఎండీ అనే సెట్టింగ్ ఆన్ అయి ఉంటుంది, దాని డ్రైవర్ విండోస్ సెటప్‌లో ఉండకపోవచ్చు. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించి, పెన్‌డ్రైవ్‌లో విప్పి పెట్టి, సెటప్‌లో "లోడ్ డ్రైవర్" నొక్కి చూపిస్తే డ్రైవ్ ప్రత్యక్షమవుతుంది. బయోస్‌లో వీఎండీ ఆపేసినా కనబడుతుంది గానీ, అలా ఆపితే ఆ సెట్టింగ్‌తో వేసిన పాత విండోస్ బ్లూ స్క్రీన్ ఇచ్చి ఆగిపోవచ్చు. పాతది కూడా ఉంచుకునే ఉద్దేశం ఉంటే డ్రైవర్ దారిలోనే వెళ్ళండి.

బయోస్‌లోనే కనబడకపోతే కథ వేరు. ఎం.2 ఆకారంలో ఉన్నవన్నీ ఒకటి కావు, కొన్ని సాటా, కొన్ని అంతకంటే వేగంగా నడిచే ఎన్‌వీఎంఈ, కొన్ని స్లాట్లు ఒకదాన్నే తీసుకుంటాయి. కొన్ని మదర్‌బోర్డులలో ఎం.2 స్లాట్ వాడగానే ఒకట్రెండు సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి. బోర్డ్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది, కొనేముందే చదవాలి. మరీ పాత బోర్డులైతే ఎన్‌వీఎంఈ డ్రైవ్‌ని స్టోరేజ్‌గా వాడనిస్తాయి గానీ దాన్నుంచి బూట్ అవ్వవు.

అపోహ: డ్రైవ్ మారిస్తే విండోస్ యాక్టివేషన్ పోతుంది.

వాస్తవం: పోదు. విండోస్ 10 నుంచి డిజిటల్ లైసెన్స్ ప్రధానంగా మదర్‌బోర్డ్‌ని చూసి గుర్తుపడుతుంది. అదే ఎడిషన్ వేయండి, హోమ్ ఉంటే హోమ్, ప్రో ఉంటే ప్రో. కీ అడిగితే "నా దగ్గర లేదు" అని ముందుకెళ్ళండి, నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది.

అపోహ: పాత డ్రైవ్‌లో ప్రోగ్రాములున్నాయి, కొత్త ఓఎస్ నుంచి వాటిని అలాగే వాడుకోవచ్చు.

వాస్తవం: ఫోల్డర్ ఉంటుంది, ప్రోగ్రామ్ ఉండదు. ఇన్‌స్టాల్ చేసినప్పుడు అది రిజిస్ట్రీలో, యూజర్ ఫోల్డర్లో, సిస్టమ్ ఫోల్డర్లలో సామాన్లు సర్దుకుంటుంది, కొత్త విండోస్‌కి వాటి గురించి ఏమీ తెలియదు. పోర్టబుల్ ప్రోగ్రాములు నడుస్తాయి, స్టీమ్ గేముల్లాంటివి పాత లైబ్రరీ ఫోల్డర్‌ని చూపిస్తే మళ్ళీ డౌన్‌లోడ్ లేకుండా పట్టుకుంటుంది, మిగతావన్నీ మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిందే.

మీ డాక్యుమెంట్లు, ఫోటోలు తెరుచుకుంటాయి. పాత యూజర్ ఫోల్డర్ మీద నొక్కితే పర్మిషన్ లేదంటుంది, "కంటిన్యూ" కొడితే కాసేపటికి తెరుస్తుంది. కానీ పాత డ్రైవ్‌కి బిట్‌లాకర్ (డ్రైవ్ మొత్తానికి తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) ఉంటే మాత్రం 48 అంకెల రికవరీ కీ కావాలి. "నేనెప్పుడూ పెట్టలేదే" అంటారు జనం. చాలా ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవ్వగానే డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది, కీ ఆ అకౌంట్‌లోకి వెళ్ళి కూర్చుంటుంది. డ్రైవ్ విప్పకముందే, పాత విండోస్ ఇంకా నడుస్తుండగానే ఆ కీ చూసి కాగితం మీద రాసుకోండి. కీ లేక, అకౌంట్ గుర్తులేక, ఫైళ్ళు కళ్ళముందే ఉన్నా తెరవలేకపోయినవాళ్ళని చూశాను, ఆ పరిస్థితిలో నేను గానీ ఇంకొకరు గానీ చేయగలిగింది ఏమీ ఉండదు.

అపోహ: క్లోన్ చేస్తే (పాత డ్రైవ్‌ని ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి కాపీ చేస్తే) సగం పని, ఫ్రెష్‌గా వేస్తేనే అసలు పని.

వాస్తవం: పాత విండోస్ ఆరోగ్యంగా ఉండి, హార్డ్‌డిస్క్ నెమ్మది మాత్రమే మీ బాధ అయితే క్లోన్ చాలా మంచి దారి, సెట్టింగులతో సహా వచ్చేస్తుంది. ఎర్రర్లు వస్తున్నా, వైరస్ అనుమానం ఉన్నా ఫ్రెష్‌గా వేయండి, రోగాన్ని కూడా కాపీ చేసుకుని ఏం లాభం. బ్యాడ్ సెక్టార్లు ఉన్న డిస్క్ అయితే క్లోన్ కంటే ముందు ఫైళ్ళు బయటికి తీయండి, క్లోన్ మధ్యలో ఆ డిస్క్ ప్రాణం పోయే అవకాశం ఎక్కువ. క్లోన్ అయ్యాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాతది తీసేసే ఉంచండి, రెండిటికీ ఒకే ఐడీ ఉంటుంది కాబట్టి ఒకటి ఆఫ్‌లైన్‌లోకి వెళ్ళడం, ఏది బూట్ అయిందో తెలియకపోవడం జరుగుతుంటాయి.

అపోహ: రెండో డ్రైవ్‌లో లైనక్స్ వేస్తే విండోస్ పాడవుతుంది.

వాస్తవం: ఇక్కడా పైన చెప్పిన సూత్రమే. ఉబుంటు పాత ఇన్‌స్టాలర్‌లో బూట్ లోడర్‌కి రెండో డ్రైవ్ చూపించినా, యూఈఎఫ్ఐ మోడ్‌లో మొదటి డ్రైవ్ ఈఎఫ్ఐ పార్టిషన్‌లోనే పెట్టేసిన సందర్భాలున్నాయి. విండోస్ డ్రైవ్ పీకేసి లైనక్స్ వేయండి, తర్వాత తిరిగి తగిలించండి. దేనికది సొంత బూట్ ఫైళ్ళతో నిలబడుతుంది, ఆన్ చేసేటప్పుడు బూట్ మెనూ కీ నొక్కి ఏది కావాలో ఎంచుకోవచ్చు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి, లేకపోతే షట్‌డౌన్ చేసినా ఆ డ్రైవ్ సగం నిద్రలోనే ఉంటుంది, లైనక్స్ దాంట్లో రాయనివ్వదు.

అన్నట్టు, బూట్ మెనూలో మీ పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనబడితే, పేరుకి ముందు యూఈఎఫ్ఐ అని రాసి ఉన్నదాన్నే ఎంచుకోండి. రెండోదాంతో వెళ్తే కొత్త డ్రైవ్ ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో తయారవుతుంది, అందులో 2 టీబీ దాటిన చోటు వాడుకోలేరు.

అపోహ: కొత్తది నడుస్తోంది కాబట్టి పాతదాన్ని వెంటనే ఫార్మాట్ కొట్టేయొచ్చు.

వాస్తవం: రెండు వారాలు ఆగండి. బ్రౌజర్ పాస్‌వర్డులు, టాలీ డేటా, ఎక్కడో ఫోల్డర్లో దాచిన స్కాన్ కాపీలు, ఇవన్నీ అవసరం పడ్డప్పుడే గుర్తొస్తాయి. ఫార్మాట్ చేసే రోజున పాత ఈఎఫ్ఐ పార్టిషన్ మీద రైట్ క్లిక్ చేస్తే డిస్క్ మేనేజ్‌మెంట్ డిలీట్ ఆప్షన్ ఇవ్వదు, డిస్క్‌పార్ట్‌లో ఓవర్‌రైడ్ అని చెప్పి తీయాలి. ఆ పని చేసేముందు సిస్టమ్ ఆఫ్ చేసి, పాత డ్రైవ్ కేబుల్ పీకి, ఒక్కసారి ఆన్ చేసి చూడండి. డెస్క్‌టాప్ వచ్చిందంటే మళ్ళీ తగిలించి ఫార్మాట్ కొట్టండి. నల్ల స్క్రీన్ వచ్చిందంటే కేబుల్ మళ్ళీ పెట్టేయండి, సిస్టమ్ ఎప్పట్లాగే లేస్తుంది, ముందు బీసీడీబూట్ పని చూసుకోండి.