చెరువులో చేరిన చుట్టం

చిరంజీవులు చిన్నికి, బాబికి తాతయ్య ఆశీస్సులు.

మీ పెదనాన్న తన వనామి రకం రొయ్యల చెరువును అనుకున్న కౌంటు రాకముందే పట్టించేశాడని, రొయ్యలు చావకపోయినా ఇంట్లో అందరూ దిగులుగా ఉన్నారని రాస్తూ, "చావనప్పుడు నష్టం ఎలా వస్తుంది తాతయ్యా?" అని చిన్ని అడిగింది. కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. కిలోకు 40 తూగే రొయ్య ఒక్కొక్కటి 25 గ్రాములుంటుంది. 100 తూగేది 10 గ్రాములే. సాగు ఖర్చులో పెద్ద వాటా మేతదే కనుక, మేత తిని కూడా ఎదగని రొయ్య రైతుకు రోజూ కొంత నష్టం తెస్తూనే ఉంటుంది. తెల్లమచ్చ వైరస్ వస్తే కొద్ది రోజుల్లోనే చెరువు ఖాళీ అవుతుంది, రైతు ఒక్కసారి ఏడ్చి ఊరుకుంటాడు. మీ పెదనాన్న చెరువులో చేరిన జబ్బు అలా తేల్చదు, రొయ్యను చంపకుండా ఎదగనివ్వదు.

ఆ జబ్బు తెచ్చేది రైతులు ఈహెచ్‌పీ అని పిలిచే పరాన్నజీవి. దాని పూర్తి పేరు ఎంటెరోసైటోజూన్ హెపటోపెనాయీ. బూజు జాతులకు దగ్గరి బంధువు. 2009లో థాయ్‌లాండ్ శాస్త్రవేత్తలు టైగర్ రొయ్యలో దీన్ని వర్ణించి పేరు పెట్టారు; మన దేశంలో వనామి సాగుకు అనుమతి వచ్చిందీ అదే సంవత్సరం. తరువాత ఆ రెండూ మన చెరువుల్లోనే కలుసుకున్నాయి.

దీని నడవడి తెలియాలంటే పిలవని చుట్టాన్ని తలచుకోండి. మా చిన్నతనంలో వానాకాలం మొదట్లో ఒక దూరపు బంధువు మా ఇంటికి వచ్చి, వరద తగ్గాక వెళ్తానని చెప్పి, కోతలు అయ్యేదాకా అరుగు దిగలేదు. ఆయన ఎవరినీ ఒక మాట అనలేదు, దేన్నీ పగలగొట్టలేదు, పైగా సాయంత్రాలు మాకు మంచి కథలు చెప్పేవాడు. కానీ గాదెలో ధాన్యం మాత్రం ఏటికంటే ముందే అడుగంటింది, మా అమ్మ రెండో పూట తన కంచంలో సగమే వడ్డించుకునేది. ఈహెచ్‌పీ కూడా అలాంటి చుట్టమే. రొయ్య తల భాగంలో గోధుమరంగు ముద్ద ఒకటి ఉంటుంది. తిన్నది అరిగించడం, దాచిపెట్టడం దాని పని కనుక వంటిల్లూ గాదే రెండూ అదే అనుకోండి. ఈ చుట్టం చేరేది తిన్నగా అక్కడికే. తన శక్తిని తాను తయారుచేసుకునే సాధనం అతడికి లేదు కాబట్టి, పొయ్యి తెచ్చుకోకుండా వచ్చి ఆ ఇంటివారు వండుకున్నదే తింటాడు. వచ్చే తీరు మాత్రం మా బంధువు కంటే విచిత్రం: ఒక మిల్లీమీటరు పొడవున సుమారు వెయ్యి పట్టేంత చిన్న బీజంలో సన్నని గొట్టం చుట్టలు చుట్టుకుని ఉంటుంది, అది ఒక్కసారిగా విసురుగా బయటికి వచ్చి రొయ్య కణం పొరకు కన్నం వేస్తుంది, ఆ గొట్టం గుండానే చుట్టం లోపలికి దూరిపోతాడు. అంత చిన్న ప్రాణికి ఆ ఏర్పాటు ఎలా అబ్బిందో నేను మీకు వివరించలేను, ఆశ్చర్యపడటం ఒక్కటే నాకు చేతనైంది.

లోపల కూర్చుని పిల్లల్ని కంటాడు, గది నిండగానే గోడ పగిలి, ఆ పిల్లలు పక్క గదులకు, కొందరు రెట్టతో పాటు బయటికి చేరతారు. అమ్మ రొయ్యలు వలిచేటప్పుడు వెన్ను మీద తీసే నల్ల నరం నిజానికి పేగు. జబ్బు ముదిరిన చెరువుల్లో చాలాసార్లు ఆ పేగులోనిది తెల్లబడి, నీటి మీద తెల్లని దారాల్లా రెట్ట తేలుతుంది. రొయ్యలు అడుగున దొరికినదల్లా, చచ్చిన తోటి రొయ్యను కూడా, తింటాయి కనుక చుట్టరికం అలా పాకుతుంది. మనుషులకు మాత్రం దీనివల్ల ఏ హానీ లేదు, కూర నిశ్చింతగా తినండి.

దీనికి నమ్మదగిన మందు లేదు. పంట అయ్యాక చెరువును బాగా ఎండబెట్టి, దున్ని, హెక్టారుకు ఆరు టన్నుల వరకు కాల్చిన సున్నం వేసి, మట్టి క్షారగుణాన్ని 12 పీహెచ్ దాకా పెంచితే బీజాలు చస్తాయి. అంత ఖర్చెందుకని జబ్బు చెరువు నీటిని ఊరి కాలువలోకి వదిలేసేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే కింది చెరువువాడు అదే కాలువకు మోటారు పెడతాడు.

హేచరీ నుంచి, అంటే రొయ్య పిల్లల్ని పుట్టించి అమ్మేచోటు నుంచి, పిల్లను తెచ్చేముందే పీసీఆర్ పరీక్ష చేయించాలి; పరాన్నజీవి జన్యు పదార్థం రొయ్య పిల్లలో ఉందో లేదో చూసే పరీక్ష అది. "చేయించాం, లేదన్నారు" అని మీ పెదనాన్న అంటున్నాడని బాబి రాశాడు. అది అబద్ధం కానక్కరలేదు, ఎన్ని పిల్లల్ని తీసి చూశారన్నదే అడగవలసిన ప్రశ్న. వందకు రెండింటిలో జబ్బు ఉందనుకుంటే, దాన్ని నూటికి 95 పాళ్ల నమ్మకంతో పట్టుకోవడానికి 150 పిల్లల్ని పరీక్షించాలి. పది చూసి ఊరుకుంటే ఏమవుతుందో మీరే చేసి చూడండి. వంద చింతపిక్కలు ఏరి, రెండింటికి సున్నం బొట్టు పెట్టి, సంచిలో వేసి బాగా కలపండి. కళ్లు మూసుకుని పది తీయండి, బొట్టు పిక్క వచ్చిందో లేదో రాసుకోండి, అన్నీ తిరిగి సంచిలో వేసి మళ్లీ తీయండి. ఇద్దరూ చెరో పదిసార్లు తీశాక, ఎన్నిసార్లు "జబ్బు లేదు" అని తేలిందో ఆ కాగితం ముందు మీ పెదనాన్నకు చూపించి, తరువాత నాకు పంపండి.

మీ తాతయ్య