రెక్క మీద చుక్కల ముగ్గు

బెంగళూరు, మారతహళ్లి
ధనుర్మాసం

చిన్నీ, బుజ్జీ,

మా ఇంటి నుంచి హైదరాబాద్ వెళ్తుంటే విమానం రెక్క ఊగిందనీ, భయమేసిందనీ ఫోన్‌లో చెప్పారు. "విరగదని ముందే ఎలా తెలుస్తుంది తాతయ్యా?" అన్నారు. రెక్క ఒంగాలి, ఒంగకపోతేనే టెన్షన్ పడాలి. ఎంత ఒంగుతుందో లెక్క కట్టాకే, నేల మీద బరువులేసి పరీక్షించాకే ఎగరనిస్తారు.

ఆ లెక్క మీ అమ్మమ్మ పొద్దున్నే వేసే చుక్కల ముగ్గే అనుకోండి. రెక్కంతా ఎలా ఒంగుతుందో ఒక్క సూత్రంతో రాయడం ఎవరి తరమూ కాదు. అందుకని ఇంజనీర్లు కంప్యూటర్లో దాని మీద చుక్కలు పెట్టి, గడులు చేస్తారు. చిన్న గడి సంగతి రాయడం తేలిక. షరతల్లా, పక్కపక్క గడులు ఉమ్మడి చుక్క దగ్గర ఒకే మాట చెప్పాలి. రంధ్రాల చుట్టూ చుక్కలు ఒత్తుగా పెడతారు, ఒత్తిడి పేరుకునేది అక్కడే మరి. 1956లో బోయింగ్ విమాన కంపెనీలోని టర్నర్ అనే ఇంజనీరు, క్లఫ్ అనే ప్రొఫెసరుతోనూ ఇంకొందరితోనూ కలిసి విమానాల కోసం ఈ దారి చూపించాడు. ఫైనైట్ ఎలిమెంట్ మెథడ్ అని పేరు పెట్టింది క్లఫ్, 1960లో.

చదునైన పలకైతే ప్రతి చుక్కనీ మూడు అడిగితే చాలు: ఎంత దిగావు, అటెంత వాలావు, ఇటెంత వాలావు? వంపు తిరిగిన పెంకుతోనే వస్తుంది చిక్కు. చిన్నప్పుడు సంక్రాంతికి మా అక్క పొంగలి కుండకి సున్నంతో ముగ్గు పెట్టేది. వాకిలంత ముగ్గు అవలీలగా వేసే మనిషి, కుండ పొట్ట దగ్గరికొచ్చేసరికి విసుక్కునేది. కుండ కదలకుండా పట్టుకోవడం నా ఉద్యోగం, తిట్లు తినడం కూడా. పెంకుని నొక్కితే ఒంగడంతో సరిపెట్టుకోదు, తన ఒంటి వెంబడే సాగుతుంది, నొక్కుకుపోతుంది. అక్కడ చుక్కకి ఐదారు ప్రశ్నలు.

రేకు మరీ పల్చనైతే కొన్ని రకాల గడులు మొండికేస్తాయి. అసలు రేకు హాయిగా ఒంగుతుంటే లెక్కలోది బిగుసుకుపోతుంది. దీన్ని లాకింగ్ అంటారు. మన బెంగళూరులోని విమాన పరిశోధన సంస్థ ఎన్‌ఏఎల్‌లోనే గంగన్ ప్రతాప్ అనే శాస్త్రవేత్త దీని మూలాలు తవ్వి తీశారు. ఇక్కడ నా పోలిక చెల్లదు, అమ్మమ్మ ముగ్గు ఎన్నడూ మొండికేయలేదు! కంప్యూటర్ రంగుల బొమ్మ చూపించింది కదా అని నమ్మేయకండి. చుక్కలు పెంచి మళ్లీ అడగాలి, జవాబు నిలకడగా ఉందో లేదో చూడాలి.

ఇప్పుడొక పని చేయండి. నోటుబుక్కు కాగితాన్ని ఒక అంచు దగ్గర పట్టుకోండి, వేలాడిపోతుంది. అదే అంచుని వేళ్లతో కొంచెం వంచి పట్టుకోండి, చాచుకుని నిలబడుతుంది. కొసన చిన్న పెన్సిల్ ముక్క పెట్టి చూడండి. ఎందుకలా అవుతుందో నేను రాయను. ఆదివారం ఫోన్‌లో మీరే చెప్పాలి.

మీ
తాతయ్య