తుపానుకు మనం ఏ వైపు ఉన్నాం? కొన్ని అపోహలు, వాస్తవాలు

విశాఖలో మా మేడ మీద వర్షమాపకం పెట్టి పదిహేనేళ్లు దాటింది. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు వాన కొలిచి పుస్తకంలో రాసుకుంటాను. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందంటే చాలు, మిత్రులమంతా ఉపగ్రహ చిత్రాల ముందు కూర్చుంటాం. ఆ రోజుల్లో బంధువులు, ఇరుగుపొరుగు ఫోను చేసి అడిగే మొదటి మాట "ఎంత పెద్దది?" అనే. "మనం దానికి ఏ వైపు ఉన్నాం?" అని అడిగేవారు చాలా తక్కువ. నిజానికి ముందు అడగవలసింది అదే.

అపోహ: ఓడరేవులో ఎగరేసే నంబరు ఎంత పెద్దదైతే ప్రమాదం అంత ఎక్కువ.

కొంతవరకే నిజం. 1, 2 నంబర్లు తుపాను ఇంకా దూరంగా ఉందని చెబుతాయి. 5, 6, 7 ప్రమాద సూచికలు. 8, 9, 10 పెను ప్రమాద సూచికలు. అయితే ఈ మూడేసి నంబర్ల మధ్య తేడా తీవ్రతలో లేదు, దిక్కులో ఉంది. తుపాను నడిచే దారికి ఓడరేవు ఎడమ పక్కన ఉంటే 8, కుడి పక్కన ఉంటే 9 ఎగరేస్తారు. ఓడరేవు మీదుగానో, అతి దగ్గరలోనో దాటుతుందంటే 10. ఇక 11 తీవ్రతకు సంబంధించినదే కాదు. తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం.

కుడి, ఎడమ అన్నవి ఎందుకంత ముఖ్యమంటే, మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. తూర్పు నుంచి వచ్చి మన తీరం దాటే తుపానుకు కుడి పక్క అంటే ఉత్తరం పక్క. అక్కడ గాలి సముద్రం మీది నుంచి నేల మీదికి వీస్తూ నీటిని ఊళ్లలోకి తోస్తుంది. ఎడమ పక్కన గాలి నేల మీది నుంచి సముద్రంలోకి వీస్తుంది కాబట్టి నీరు వెనక్కి పోవడమూ ఉంది. అంటే ఉప్పెన విషయంలో 10 కన్నా 9 ఎగిరిన రేవుకే ముప్పు ఎక్కువ కావచ్చు.

1977 నవంబరు 19ని తలచుకోండి. తుపాను తీరం దాటింది చీరాల దగ్గర. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయింది మాత్రం అక్కడికి ఈశాన్యంగా, తుపాను దారికి కుడి పక్కన ఉన్న దివిసీమలో. సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం లేచి వచ్చింది. అధికారిక లెక్కల్లోనే దాదాపు 10 వేల మంది చనిపోయారు. "చీరాల దగ్గర దాటుతుందట" అన్న వార్త విని దివిసీమలోని నాగాయలంకలో ఒక మనిషి ఊపిరి పీల్చుకుని ఉంటే, ఆ ఊరట ఎంత దారుణమైనదో ఊహించండి. అందుకే తీరం దాటే చోటు పేరు వినగానే పటం తీసి, మన ఊరు దానికి ఉత్తరాన ఉందా, దక్షిణాన ఉందా అని చూడాలి. తుపాను తీరం దాటే రోజు అమావాస్యో, పౌర్ణమో అయితే సముద్రపు పోటు కూడా ఉప్పెనకు తోడవుతుంది.

అపోహ: వాయుగుండమే కదా, తుపాను కాదు కదా.

ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను అనే మెట్లన్నీ గాలి వేగాన్ని బట్టి పెట్టినవి. గంటకు 62 కిలోమీటర్లు దాటితే తుపాను, ఆ లోపు వాయుగుండం. వాన ఎంత కురుస్తుందో ఆ పేర్లలో ఎక్కడా లేదు. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటింది తుపాను కాదు, తీవ్ర వాయుగుండం. దానికి పేరు కూడా పెట్టలేదు. ఆ రాత్రి హైదరాబాద్ మునిగింది. ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు మించి కురిసింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అక్కడికి 300 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న చెన్నై అంతకు ముందు రోజుకే నీళ్లలో ఉంది.

అపోహ: గాలి ఆగిందంటే తుపాను వెళ్లిపోయినట్టే.

2014 అక్టోబరు 12. హుద్‌హుద్ తుపాను కన్ను, అంటే గాలి లేని నడిమధ్య భాగం, సరిగ్గా మా నగరం మీదుగా వెళ్లింది. పొద్దుటి నుంచి ఈశాన్యపు గాలి కిటికీలు పెకలించింది. మధ్యాహ్నం ఉన్నట్టుండి అంతా నిశ్శబ్దం. మా వీధిలో జనం బయటికి వచ్చి, పడిన చెట్లను చూస్తూ నిలబడ్డారు. నేను గాలి ఒత్తిడి కొలిచే బారోమీటరు చూశాను. తుపాను దాటిపోతుంటే లేవాల్సిన ముల్లు ఇంకా అడుగునే ఉంది. గొంతు చించుకుని అందరినీ లోపలికి పొమ్మన్నాను. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి, నైరుతి నుంచి విరుచుకుపడింది. ఉదయం తట్టుకుని నిలబడిన చెట్లు అప్పుడు కూలాయి. బారోమీటరు లేనివారికి ఒకటే గుర్తు: గాలి మెల్లమెల్లగా తగ్గితే తుపాను దూరమవుతోంది, ఠక్కున ఆగితే మీరు కన్నులో ఉన్నారు.

అపోహ: సముద్రం పక్కన ఎండ దెబ్బ ఉండదు.

సముద్రపు గాలి తిరిగినన్నాళ్లూ ఉండదు. మే నెలాఖరున పడమటి గాలి బలంగా వీస్తే సముద్రపు గాలి లోపలికి రాలేదు. అప్పుడు కోస్తా కూడా లోతట్టు జిల్లాల్లాగే మండుతుంది. పైగా వడగాడ్పుకు మైదానంలో 40 డిగ్రీలను ప్రాతిపదికగా తీసుకునే వాతావరణ శాఖ తీరప్రాంతానికి 37 డిగ్రీలే తీసుకుంటుంది. గాలిలో తేమ ఉంటే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు.

అపోహ: ఇప్పటి తుపానులన్నీ వాతావరణ మార్పు వల్లే. దీనికి జోడీ: తుపానులు ఎప్పుడూ ఉన్నవే, ఏమీ మారలేదు.

రెండూ తప్పే. 1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది పోయారు. అప్పటికి భూమి ఇంత వేడెక్కలేదు. బంగాళాఖాతంలో తుపానుల సంఖ్య ఏటేటా పెరిగిపోతోందని చెప్పడానికి ఆధారం లేదు. మారింది వేరే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. కాబట్టి అదే తుపాను ఇప్పుడు ఎక్కువ వాన కురిపించగలదు. సముద్ర మట్టం పెరుగుతోంది కనుక అదే ఉప్పెన ఇంకొంచెం ఎత్తు నుంచి మొదలవుతుంది. తుపానుల సంఖ్య గురించి వాదించుకుంటూ మనం నీటి సంగతి మరిచిపోతున్నాం.

అపోహ: మొన్న ఊరికే ఖాళీ చేయించారు, మా ఊళ్లో ఏమీ కాలేదు.

పిల్లల్ని, గొడ్లని, ధాన్యాన్ని వదిలి పునరావాస కేంద్రంలో రెండు రాత్రులు గడిపినవారి విసుగు నాకు అర్థమవుతుంది. కానీ 1999 తుపానులో ఒడిశాలో దాదాపు 10 వేల మంది పోయారు. 2013లో ఫైలిన్ తుపాను అదే రాష్ట్రాన్ని తాకేసరికి సుమారు 10 లక్షల మందిని ముందే తరలించారు. మరణాలు పదుల్లోనే ఆగాయి. తరలించిన ఊళ్లన్నిటికీ ఉప్పెన రాదు. ఏ ఊరికి వస్తుందో ఒక రోజు ముందు కచ్చితంగా చెప్పడం ఇప్పటికీ సాధ్యం కాదు. తుపాను కేంద్రం ఎక్కడ ఉంటుందో 24 గంటల ముందు అంచనా వేస్తే సగటున 70, 80 కిలోమీటర్ల తేడా వస్తోంది. చీరాల నుంచి నాగాయలంకకు నేరుగా కొలిస్తే దూరం అంతకన్నా తక్కువ.