లోగో వచ్చి ఆరిపోయే జీపీఎస్ డబ్బాలు: సాఫ్ట్‌వేర్ కొట్టించే ముందు చదవండి

“లోగో వస్తోంది, ఆరిపోతోంది, మళ్లీ లోగో వస్తోంది. సాఫ్ట్‌వేర్ కొట్టన్నా, ఎంతవుద్ది?”

తిరుపతిలో కార్ల ఎలక్ట్రానిక్స్ రిపేరు చేస్తూ ఈ మాట విన్నంతగా ఇంకే మాటా వినలేదు. జబ్బేమిటో వాళ్లే తేల్చుకుని, మందు కూడా వాళ్లే రాసుకుని వస్తారు. నేను మందుల షాపువాడిలా చీటీ చూసి ఇచ్చేయాలంతే. వాళ్లననీ లాభం లేదు. యూట్యూబ్‌లో వీడియోలన్నీ అదే చెబుతాయి, డ్రైవర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఫైలు కూడా తిరుగుతూ ఉంటుంది. అద్దానికి అంటించే పాత నేవిగేటర్లైనా, డ్యాష్‌బోర్డులో బిగించే ఆండ్రాయిడ్ స్టీరియోలైనా కథ ఒకటే.

అపోహ: పదే పదే రీస్టార్ట్ అవుతోందంటే ఫర్మ్‌వేర్ (డబ్బాను నడిపించే లోపలి సాఫ్ట్‌వేర్) పోయినట్టే.

వాస్తవం: పోయి ఉండొచ్చు. కానీ ముందు అనుమానించాల్సింది కరెంటును. ఆన్ చేయగానే డబ్బా తక్కువ కరెంటే లాగుతుంది కాబట్టి లోగో వరకు వస్తుంది. తర్వాత తెర లైటు పూర్తిగా వెలుగుతుంది, ప్రాసెసర్ వేగం పెరుగుతుంది, జీపీఎస్ రిసీవర్ పని మొదలుపెడుతుంది, మ్యాప్ తెరుచుకుంటుంది. అన్నీ ఒకేసారి లాగేసరికి డబ్బా లోపలి పాతబడిన బ్యాటరీ వోల్టేజీ జారిపోతుంది. ఒక హద్దు కిందికి రాగానే చిప్పు తనంతట తనే రీసెట్ అవుతుంది. లోడు తగ్గగానే వోల్టేజీ కోలుకుంటుంది, మళ్లీ లోగో వస్తుంది. చూసేవాళ్లకి అచ్చం సాఫ్ట్‌వేర్ జబ్బులాగే ఉంటుంది. బ్యాటరీకి మీటర్ పెడితే 3.8 వోల్టులు చూపిస్తుంది కాబట్టి బాగానే ఉందనుకుంటారు. అది లోడు లేనప్పటి లెక్క, దాన్ని నమ్మొద్దు. మన ఎండల్లో అద్దం వెనకాల రోజంతా ఉడికిన లిథియం సెల్ ఎంత బలంగా ఉంటుందో చెప్పనక్కర్లేదు. సెల్ ఉబ్బి వెనక మూత లేచి ఉంటే ఇక చార్జింగ్ పెట్టకండి, ముందు సెల్ తీయించండి.

స్టీరియోలైతే వైర్లు చూడాలి. సాధారణంగా పసుపు వైరు బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండే సప్లై, ఎరుపు వైరు తాళం తిప్పితే వచ్చే సప్లై, నలుపు గ్రౌండు. పసుపు గానీ నలుపు గానీ లూజుగా ఉంటే స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా లోగో కనిపిస్తుంది. పాట సౌండు పెంచగానే రీస్టార్ట్ అయితే అది కూడా కరెంటు గొడవే. ప్రపంచంలోని ఫర్మ్‌వేర్ అంతా వేసినా పోదు.

ఇంట్లోనే చూసుకోవడానికి ఒక గుర్తు చెబుతాను. రీస్టార్ట్ ఎక్కడ అవుతోందో గమనించండి. ఒకసారి లోగో దగ్గర, ఒకసారి మ్యాప్ వచ్చాక, ఒకసారి పావుగంట నడిచాక అయితే అది ఎక్కువగా కరెంటు, లేదా వేడి. ప్రతిసారీ ఒకేచోట, లోడింగ్ గీత అంతవరకే వచ్చి ఆగితే అప్పుడు స్టోరేజీనో ఫర్మ్‌వేర్‌నో అనుమానించాలి. అప్పుడు కూడా ముందు మెమరీ కార్డు తీసి ఆన్ చేయండి. కార్డులో మ్యాప్ ఫైలు పాడైతే దాన్ని చదవలేక మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అయ్యే డబ్బాలున్నాయి. కార్డు తీయగానే మామూలుగా లేస్తే ఫర్మ్‌వేర్ జోలికి పోనక్కర్లేదు.

ఈ అపోహనే ఇంత సాగదీస్తున్నానంటే కారణం ఉంది. కరెంటు సరిగ్గా లేని డబ్బాను ఫ్లాష్ చేయడం, అంటే ఫర్మ్‌వేర్ మళ్లీ రాయడం, వృథా మాత్రమే కాదు, ప్రమాదం. ఫర్మ్‌వేర్ రాస్తుండగా వోల్టేజీ జారి రీసెట్ అయితే రాత సగంలో ఆగుతుంది. అది బూట్‌లోడర్ (డబ్బాను మొదట లేపే ప్రోగ్రాం) దగ్గర జరిగితే ఇక లోగో కూడా రాదు. రెండు వందల కేబుల్‌తో పోయేది బోర్డు విప్పేదాకా వస్తుంది.

చంద్రగిరి వైపు నుంచి ఒక పెద్దాయన వస్తుంటాడు, టెంపో ట్రావెలర్ నడుపుతాడు. చెన్నై, బెంగళూరు నుంచి వచ్చే భక్తులను తిరుమల, కాణిపాకం, శ్రీకాళహస్తి, వేలూరు దగ్గర శ్రీపురం గుడి తిప్పుతాడు. ఫోన్‌లో మ్యాప్ ఆయనకు పడదు. ఎండలో అక్షరాలు కనబడవు, ఎవరైనా ఫోన్ చేస్తే దారి మాయమైపోతుంది అంటాడు. పాత నేవిగేటర్‌లో పలమనేరు, కుప్పం, నగరి వైపు కస్టమర్ల ఇళ్లు, కల్యాణ మండపాలు, రాత్రి తెరిచి ఉండే పెట్రోలు బంకులు అన్నీ గుర్తు పెట్టుకున్నాడు. అది ఘాట్ రోడ్డులో రీస్టార్ట్ అవుతోందని ఎక్కడో చూపిస్తే ఫ్లాష్ చేసిచ్చారు. వాళ్ల బల్ల మీద బ్రహ్మాండంగా ఆన్ అయింది. మర్నాడు అలిపిరి దాటాడో లేదో మళ్లీ మొదలు.

నా దగ్గరికి వచ్చేసరికి మనిషి దిగాలుగా ఉన్నాడు. డబ్బుల గురించి కాదు. “అందులోవి పోతే మళ్లీ ఎవుర్ని అడగాల నాయనా” అంటాడు. బండెక్కి చూస్తే సిగరెట్ లైటర్ సాకెట్‌లో ఒక స్ప్లిటర్, దానికి నాలుగు యూఎస్‌బీలు, లోపల ఉన్నది మాత్రం బండి కరెంటును 5 వోల్టులకు దించే ఒకే ఒక చిన్న కన్వర్టర్. వెనక సీటు భక్తులు ఫోన్ చార్జింగ్ పెట్టమంటే ఆయన కాదనలేడు. యూఎస్‌బీ టెస్టర్ పెట్టి రెండు ఫోన్లు తగిలిస్తే 5 వోల్టులు ఉండాల్సింది 4.4కి పడిపోయింది. షాపు బల్ల మీద ఆన్ అయిందంటే అక్కడ మంచి పవర్ సప్లై ఉంది కాబట్టి, ఫ్లాష్ వల్ల కాదు. ఫ్యూజ్ బాక్సు నుంచి నేవిగేటర్‌కి వేరే కన్వర్టర్ లాగి, సెల్ మార్చాను. ముందు షాపువాళ్లు సిస్టం మాత్రమే వేసి డేటా ముట్టుకోలేదు కాబట్టి ఆయన గుర్తులన్నీ దక్కాయి. కాఫీ తాగేదాకా వదల్లేదు.

అపోహ: చూడటానికి ఒకటే మోడల్ అయితే ఏ ఫైలైనా పడుతుంది.

వాస్తవం: పడదు. ఒకే డబ్బా, ఒకే పేరు, లోపల వేరే చిప్పు, వేరే తెర ప్యానెల్ ఉన్న స్టీరియోలు బజారంతా ఉన్నాయి. చిప్పు తప్పితే ఫైలు ఎక్కనే ఎక్కదు, అది అదృష్టం. చిప్పు సరిపోయి ప్యానెల్ తప్పితే ఫైలు ఎక్కుతుంది, తెర తెల్లగా మిగిలిపోతుంది, లేదా కుడివైపు నొక్కితే ఎడమవైపు పని చేస్తుంది. కాబట్టి డబ్బా బాగున్న రోజే సెట్టింగ్స్‌లో ‘అబౌట్’ తెరిచి సిస్టం వెర్షన్, ఎంసీయూ (పవర్, బటన్లు చూసుకునే చిన్న చిప్పు) వెర్షన్ రెండూ కనబడేలా ఫోటో తీసి పెట్టుకోండి. స్టీరింగ్ బటన్లు, రివర్స్ కెమెరా సెట్టింగులు కూడా. ఈ రీస్టార్ట్ లూపులో పడ్డాక ఆ పేజీ తెరవలేరు.

ఇంకో మాట. కొన్ని ఫ్లాషింగ్ టూళ్లలో ‘ఫార్మాట్ ఆల్’ అని ఉంటుంది. తెలియకపోతే దాన్ని ముట్టుకోవద్దు. సీరియల్ నంబరు, టచ్ క్యాలిబ్రేషన్ లాంటివన్నీ తుడిచిపెట్టేస్తుంది. చాలా నేవిగేటర్లలో మ్యాప్ లైసెన్సు ఆ డబ్బా నంబరుకే ముడిపడి ఉంటుంది. డబ్బా లేస్తుంది, మ్యాప్ మాత్రం తాళం వేసి ఉంటుంది. ఫ్లాష్ చేస్తే సేవ్ చేసుకున్న ప్రదేశాలన్నీ పోతాయేమోనని భయపడేవాళ్లకు చెప్పేది కూడా ఇదే. సిస్టం మాత్రమే రాస్తే సాధారణంగా ఉంటాయి, మొత్తం తుడిస్తే ఉండవు. అందుకే ముందు కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోవాలి. లూపులో ఉన్నా చాలా గార్మిన్ నువీలను తెర పై ఎడమ మూల నొక్కిపట్టి యూఎస్‌బీ తగిలిస్తే పెన్‌డ్రైవ్‌లా తెరుచుకుంటాయి. తెరుచుకోకపోతే కేబుల్ మార్చి చూడండి. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లలో డేటా తీగలే ఉండవు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. శ్రీహరికోటలో రాకెట్ వదిలిన రోజు జీపీఎస్‌లు రీస్టార్ట్ అవుతాయట! జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో వాటి పని అవి చేసుకుంటాయి. సంకేతం అందకపోతే డబ్బా ‘సిగ్నల్ లేదు’ అంటుంది, రీస్టార్ట్ కాదు. 2022లో తిరుపతి వేరే జిల్లా అయ్యాక పాత మ్యాప్ డబ్బాలు పనిచేయవన్నది కూడా ఉత్త మాటే. పేరు పాతది చూపిస్తుంది, దారి మారదు. కొత్త ఫర్మ్‌వేర్ వేస్తే నావిక్ (జీపీఎస్ లాంటి మన దేశపు సొంత ఉపగ్రహ వ్యవస్థ) వస్తుందా అని అడుగుతారు. జీపీఎస్ ఎల్1 ఫ్రీక్వెన్సీ కోసం మాత్రమే చేసిన పాత రిసీవర్‌కు, వేరే ఫ్రీక్వెన్సీలో వచ్చే నావిక్ ఎల్5 సంకేతం అందదు, అది ఫైలుతో వచ్చేది కాదు. తేదీ దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి చూపిస్తుంటే మాత్రం అది 2019 ఏప్రిల్‌లో జీపీఎస్ వారాల లెక్క 1023 దాటి మళ్లీ సున్నాకు వచ్చిన ఫలితం కావచ్చు. కంపెనీ ఫర్మ్‌వేర్ ఇచ్చి ఉంటే దానికి ఫ్లాష్ పనికొస్తుంది. ఫ్లాష్ చేసిన వారానికే అదే లూపు తిరిగొచ్చి, కరెంటు బాగానే ఉంటే స్టోరేజీ చిప్పు చివరికొచ్చినట్టు. అప్పుడు డబ్బా ఖరీదు చూసుకుని నిర్ణయించుకోండి.

మీరే ఇంట్లో చేస్తానంటే పెన్‌డ్రైవ్‌ను ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేయండి, కంపెనీ విప్పమని చెబితే తప్ప జిప్ ఫైలు విప్పకండి, స్టీరియో అయితే బండి బ్యాటరీ బాగుందో లేదో ముందు చూసుకోండి. మధ్యలో తెర నల్లగా అయిందని టెన్షన్ పడి తాళం తీసేయకండి. కొన్ని మోడళ్లు తెర ఆపేసి ఎంసీయూ రాస్తాయి, ఆగండి. షాపుకి తెచ్చేవాళ్లు డబ్బా ఒక్కటే జేబులో వేసుకుని రావద్దు. బండిలో వాడే కేబుల్, చార్జర్, మెమరీ కార్డు కూడా తెండి. స్టీరియో అయితే బండితోనే రండి, వీలైతే ఏసీ వేసి, పాటలు పెట్టి.